పైలట్ చదువు సరే, చేతిలో డిగ్రీ ఏది?

2025 డిసెంబరు మొదటి వారం విమాన ప్రయాణికులకు ఎలా గడిచిందో పాఠకులకు గుర్తుండే ఉంటుంది. ఇండిగో సంస్థ దేశమంతటా విమానాలను రద్దు చేసుకుంటూ పోయింది. 5వ తేదీ ఒక్కరోజే రద్దయినవి వెయ్యికి పైగా. పెళ్ళికి బయలుదేరినవారు, ఆస్పత్రికి బయలుదేరినవారు, సెలవు ముగిసి ఉద్యోగంలో చేరవలసినవారు విమానాశ్రయాల్లో సామాన్ల పక్కన నేలమీద కూర్చున్నారు. మన శంషాబాద్‌లోనూ అదే పరిస్థితి. పైలట్ల విశ్రాంతి గురించి చేసిన కొత్త నిబంధనలు ఆ ఏడాది జూలైలో కొన్ని, నవంబరు 1న మిగిలినవి అమలులోకి వచ్చాయి. వారానికి 36 గంటలుగా ఉన్న విశ్రాంతి 48 గంటలయింది. రాత్రివేళ చేయించే ల్యాండింగుల సంఖ్య తగ్గింది. అందుకు సరిపడా పైలట్లను సంస్థ ముందుగా సమకూర్చుకోలేదు. చివరకు ప్రభుత్వమే ఆ నిబంధనలను కొంతకాలం సడలించవలసి వచ్చింది.

ఆ వార్త నయాపూల్ దాటి పాతబస్తీలోకి వచ్చేసరికి మరో రూపం ధరించింది. "దేశంలో పైలట్లే దొరకడం లేదట, మా వాడిని పైలట్ కోర్సులో చేరిస్తే ఎలా ఉంటుంది?" అని అడిగే తండ్రులు ఎక్కువయ్యారు. మేము బడిలో పాఠాలు చెప్పుకునేవాళ్ళం కనుక ఇంటర్ పాసయిన పిల్లల సంగతి మా దగ్గరకు రావడం మామూలే. ఒకప్పుడు ఈ ప్రశ్న డాక్టరా, ఇంజనీరా అన్నంత వరకే ఉండేది. ఇప్పుడు ఆకాశం దాకా పోయింది. సంతోషమే. అయితే ఆ ప్రశ్న వెంటనే మరో ప్రశ్న అడగవలసి ఉంటుంది. దాన్ని మాత్రం పదిమందిలో ఇద్దరు కూడా అడగడం లేదు. పైలట్ ఉద్యోగం రాకపోతే, లేదా వచ్చి పోతే, పిల్లవాడి చేతిలో ఏ చదువు ఉంటుంది?

ముందుగా ఈ కొరత సంగతి చూద్దాం. కేంద్ర పౌర విమానయాన మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడు మన శ్రీకాకుళం బిడ్డే. దేశీయ సంస్థలు 1,700 విమానాలకు ఆర్డర్లు ఇచ్చాయని, రాబోయే 15, 20 ఏళ్ళలో 30 వేల మంది పైలట్లు కావలసి వస్తారని ఆయన 2025లో చెప్పారు. మాట అబద్ధం కాదు. 2023 ఫిబ్రవరిలో ఎయిర్ ఇండియా 470 విమానాలు, అదే ఏడాది జూన్‌లో ఇండిగో 500 విమానాలు కొంటామని ప్రకటించాయి. కానీ ఆ విమానాలన్నీ రేపు ఉదయం వచ్చి దిగవు. ఏళ్ళ తరబడి కొన్ని కొన్నిగా వస్తాయి. మరో ముఖ్యమైన మాట. సంస్థలకు అత్యవసరంగా కావలసినది కెప్టెన్లు, అంటే వేల గంటలు ఎగిరి పెద్ద విమానం మీద చేయి తిరిగినవారు. ఫ్లయింగ్ క్లబ్బు నుంచి అప్పుడే బయటికి వచ్చిన కుర్రవాడి దగ్గర ఉండేది 200 గంటల అనుభవం. అదీ చిన్న సెస్నా మీద. కెప్టెన్ కావడానికి అవసరమైన ఎయిర్‌లైన్ ట్రాన్స్‌పోర్ట్ లైసెన్సుకు కనీసం 1,500 గంటలు కావాలి. ఆ గంటలు ఉద్యోగం దొరికితేనే పెరుగుతాయి. అందుకే ఒకవైపు సిబ్బంది చాలక విమానాలు ఆగిపోతాయి, మరోవైపు లైసెన్సు చేతపట్టుకున్న కుర్రాళ్ళు ఇంట్లో కూర్చుంటారు. రెండూ ఒకే కాలంలో, ఒకే నగరంలో జరుగుతున్నాయి.

2022లో దేశంలో 1,165 మందికి కమర్షియల్ పైలట్ లైసెన్సు వచ్చింది. 2023లో ఆ సంఖ్య 1,622కు పెరిగింది. లైసెన్సు ఇవ్వడం ప్రభుత్వం పని. ఉద్యోగం ఇవ్వడం సంస్థల ఇష్టం. ఈ రెండింటి మధ్య ఉన్న దూరంలోనే మన మధ్యతరగతి ఇళ్ళు కుంగిపోతున్నాయి.

ఖర్చు ఎంతో ఒకసారి లెక్క వేద్దాం. 200 గంటల శిక్షణ, పరీక్షలు, వసతి కలిపి ఈ రోజుల్లో 45 లక్షల నుంచి 60 లక్షల రూపాయల దాకా అవుతోంది. లైసెన్సు వచ్చాక ఎయిర్‌బస్ 320 లాంటి ఒక పెద్ద విమానం మీద ప్రత్యేక శిక్షణ పొందాలి. దాన్ని టైప్ రేటింగ్ అంటారు. దానికి మరో 15 నుంచి 25 లక్షలు. సంస్థలు తామే నడిపే కేడెట్ పథకాల్లో చేరితే మొత్తం కోటి దాటుతుంది. పత్తర్‌గట్టీలో బట్టల దుకాణం ఉన్నవాడికి కూడా ఇది చిన్న మొత్తం కాదు. ఇక ఆ దుకాణంలో గుమాస్తాగా ఉన్నవాడి సంగతి చెప్పేదేముంది?

బ్యాంకు అప్పు ఉంది కదా అంటారు. ఏడున్నర లక్షలు దాటిన విద్యా రుణానికి బ్యాంకు తాకట్టు అడుగుతుంది. పాతబస్తీలో ఎన్నో ఇళ్ళకు రిజిస్ట్రేషన్ లేదు, నోటరీ కాగితాలే ఉన్నాయి. మూడు తరాలు కాపురమున్న ఇల్లయినా సరే, బ్యాంకు మేనేజరు ఆ కాగితం వెనక్కి తోసేస్తాడు. అదృష్టవశాత్తూ కాగితాలు సరిగా ఉన్న ఇంట్లో మరో చర్చ మొదలవుతుంది. సూద్ మీద అప్పు తీసుకోవడానికి నానా ఒప్పుకోరు, దాదీ ఒప్పుకోరు. కడకు జరిగేది ఏమిటంటే బండ్లగూడ వైపో, శంషాబాద్ వైపో కొనిపెట్టుకున్న ప్లాటు అమ్ముతారు. అమ్మీ నగలు పోతాయి. చెల్లెలి పెళ్ళి వాయిదా పడుతుంది. ఒక పిల్లవాడి రెక్కల కోసం ఇల్లంతా పందెం కాస్తుంది. అలాంటప్పుడు వాడి చేతిలో ఇంటర్ సర్టిఫికెట్ తప్ప మరేమీ లేకపోతే, ఆ పందెం ఎంత ప్రమాదకరమో చెప్పనవసరం లేదు.

పైలట్ లైసెన్సుకు డిగ్రీ అక్కరలేదు. 18 ఏళ్ళ వయసు, ఫిజిక్సు, మాథ్స్‌తో ఇంటర్, మొదటి తరగతి వైద్య పరీక్ష, 200 గంటల ఎగురుడు, డి.జి.సి.ఎ. పరీక్షలు, రేడియో లైసెన్సు ఉంటే చాలు. కామర్సు చదివినవారు ఫిజిక్సు, మాథ్స్ మాత్రం జాతీయ సార్వత్రిక విద్యాపీఠం ద్వారా విడిగా రాసుకోవచ్చు. నిబంధనల్లో డిగ్రీ లేదు కనుక డిగ్రీ ఎందుకని పిల్లలు వాదిస్తారు. నిబంధన అడిగేది విమానం నడపడానికి ఏం కావాలన్నది మాత్రమే. విమానం లేని రోజున ఏం తిని బతకాలన్నది దానికి అక్కరలేని విషయం.

విమానం లేని రోజులు వస్తాయా? చరిత్ర చూడండి. మన హైదరాబాదుకు ఈ విషయంలో మంచి జ్ఞాపకశక్తి ఉండాలి. 1945లో నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి నెలకొల్పిన దక్కన్ ఎయిర్‌వేస్ బేగంపేట నుంచి ఎగిరింది. దేశంలో కమర్షియల్ పైలట్‌గా పనిచేసిన తొలి మహిళ ప్రేమ్ మాథుర్‌కు ఉద్యోగమిచ్చింది ఆ సంస్థే. 1953లో జాతీయం చేసేసరికి ఆ పేరే లేకుండా పోయింది. తర్వాత ప్రైవేటు సంస్థలకు తలుపులు తెరిచిన 1990 దశకంలో ఈస్ట్ వెస్ట్ ఎయిర్‌లైన్స్ వచ్చింది. కేరళకు చెందిన ఒక ముస్లిం కుటుంబం స్థాపించిన సంస్థ అని అప్పట్లో మనవాళ్ళు గర్వంగా చెప్పుకునేవారు. 1995 నవంబరులో దాని అధిపతి తకియుద్దీన్ వాహిద్‌ను ముంబయిలో కాల్చి చంపారు. మరుసటి ఏడాదికల్లా సంస్థ మూతపడింది. 2012 అక్టోబరులో కింగ్‌ఫిషర్ ఆగింది. 2019 ఏప్రిల్ 17న జెట్ ఎయిర్‌వేస్ చివరి విమానం ఎగిరింది. 2015లో మన నగరం కేంద్రంగా మొదలైన ట్రూజెట్ 2022 ఫిబ్రవరిలో నిలిచిపోయింది. 2023 మే 3న గో ఫస్ట్ ఆగింది. పది, పన్నెండేళ్ళలో ఇన్ని! ప్రతిసారీ అనుభవం ఉన్న వందల మంది పైలట్లు బజారున పడ్డారు. మిగిలిన సంస్థలు ముందు వారినే తీసుకున్నాయి. 200 గంటల కుర్రవాడు వరుసలో మరింత వెనక్కి పోయాడు.

2020 సంగతి సరేసరి. మార్చి 25 నుంచి రెండు నెలలపాటు షెడ్యూలు ప్రకారం నడిచే దేశీయ ప్రయాణికుల విమానం ఒక్కటీ ఎగరలేదు. మన పిల్లలు ఎప్పుడూ ఆశగా చూసే గల్ఫ్ సంస్థలు కూడా ఆ ఏడాది పైలట్లను ఇళ్ళకు పంపాయి. దుబాయిలో కెప్టెన్‌గా ఉంటే చాలు, ఏడు తరాలకు ఢోకా లేదన్న నమ్మకం అప్పుడు సడలింది.

పైలట్ ఉద్యోగానికి మరో శత్రువు లోపలే ఉంటాడు. వైద్య పరీక్ష ఒకసారి గట్టెక్కితే సరిపోదు, ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ ఏడాదికోసారి నెగ్గాలి. గుండె, చెవి, కన్ను, నరాలు, మధుమేహం, ఏ ఒక్కటి ఎదురుతిరిగినా విమానం ఎక్కనివ్వరు. మధుమేహం ఎక్కువగా ఉన్న నగరం మనది. బిర్యానీని నిందించడం మా ఉద్దేశం కాదు గాని, 35 ఏళ్ళకే మాత్రలు మింగుతున్న వారిని ప్రతి మొహల్లాలో చూస్తున్నాం. గుమాస్తాకు షుగరు వస్తే మాత్ర వేసుకుని దుకాణానికి వెళతాడు. పైలట్‌కు మందు స్థాయి పెరిగితే లైసెన్సే ఆగిపోవచ్చు.

కాబట్టి రెండో చదువు తప్పదు. మరి ఏది? ఈ ప్రశ్నకు బజారులో దొరికే జవాబు ఒకటుంది. బి.ఎస్సీ. ఏవియేషన్, బి.బి.ఎ. ఏవియేషన్, ఎయిర్‌పోర్ట్ మేనేజ్‌మెంట్. రంగురంగుల కరపత్రాలు, టోపీ పెట్టుకున్న అబ్బాయి బొమ్మ, వెనక విమానం. ఇందులో రెండు ప్రమాదాలున్నాయి. ఒకటి, ఈ డిగ్రీ పాసైతే పైలట్ అయిపోతారని కొందరు అనుకుంటున్నారు, అనుకునేలా కరపత్రాలు రాస్తున్నారు. డిగ్రీ ఇచ్చేది విశ్వవిద్యాలయం. లైసెన్సు ఇచ్చేది డి.జి.సి.ఎ. ఒక్కటే. గంటలు ఎగరవలసింది డి.జి.సి.ఎ. గుర్తించిన శిక్షణ సంస్థలో. మూడేళ్ళు ఫీజు కట్టి, డిగ్రీ తీసుకుని, ఎగరడానికి మళ్ళీ విడిగా అరకోటి కట్టాలని అప్పుడు తెలుసుకున్న కుటుంబాలున్నాయి. రాయబరేలీ దగ్గర ఫుర్సత్‌గంజ్‌లోని ఇందిరాగాంధీ రాష్ట్రీయ ఉడాన్ అకాడమీలో కూడా శిక్షణతోపాటు బి.ఎస్సీ. చదివే వీలుంది. ఆ దారి వేరు, అక్కడ విమానం నిజంగానే ఎగురుతుంది.

రెండో ప్రమాదం ఇంతకంటే పెద్దది. విమాన సంస్థ కూలిన రోజున పైలట్‌కు ఉద్యోగం ఉండదు. అదే రోజున ఎయిర్‌పోర్ట్ మేనేజ్‌మెంట్ చదివినవాడికి కూడా ఉండదు. ఒకే దూలానికి రెండు ఊయలలు కట్టినట్టు. దూలం విరిగితే రెండూ నేలమీదే. ఆపదలో ఆదుకోవలసిన డిగ్రీ విమానాలతో సంబంధం లేకుండా తన కాళ్ళ మీద తాను నిలబడగలిగినదై ఉండాలి. ఆస్పత్రిలో, బడిలో, బ్యాంకులో, కార్ఖానాలో, ప్రభుత్వ కార్యాలయంలో దానికి విలువ ఉండాలి. దాని పేరులో విమానం ఉండనవసరం లేదు. ఉండకపోతేనే మేలని కూడా మేము అంటాము.

మా దృష్టిలో ఎం.పి.సి. చదివిన సామాన్య కుటుంబపు పిల్లలకు అన్నిటికంటే సరిపోయేది మాథ్స్, ఫిజిక్సుతో కూడిన మామూలు బి.ఎస్సీ. మూడో సబ్జెక్టుగా కంప్యూటర్సో, స్టాటిస్టిక్సో ఉంటే ఇంకా మంచిది. నయాపూల్ మీద నిలబడి చూస్తే మూసీ ఒడ్డున హైకోర్టు పక్కనే ఎర్రని కట్టడం కనిపిస్తుంది, ప్రభుత్వ సిటీ కాలేజీ. ఎంతోమంది మన పెద్దలు చదివిన చోటు. ప్రైవేటు విమాన కళాశాలలు ఒక్క నెలకు అడిగే మొత్తంతో అక్కడ డిగ్రీ మొత్తం పూర్తవుతుంది. ప్రవేశం దోస్త్ ద్వారా. పేరు దోస్తే గాని, గడువు దాటితే దోస్తీ చేయదు, తేదీలు చూసుకోవాలి. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది, బకాయిలు ఆలస్యమవుతాయన్నది వేరే బాధ. ఆడపిల్లలను దూరం పంపలేమనే ఇళ్ళకు హుస్సేనీ ఆలంలో ప్రభుత్వ మహిళా డిగ్రీ కళాశాల ఉంది.

ఈ బి.ఎస్సీ.నే ఎందుకంటున్నాం? ఇది పైలట్ చదువుకు అడ్డం రాదు. విమాన శాస్త్రంలో అడిగేది వాతావరణం, దిక్కులు, వేగం, యంత్రం. అంతా ఫిజిక్సు, మాథ్సే. డి.జి.సి.ఎ. రాత పరీక్షలు, అంటే నావిగేషన్, మెటియరాలజీ, రెగ్యులేషన్స్, టెక్నికల్, ఒక్కోదాంట్లో నూటికి 70 మార్కులు రావాలి. విమానం ఎక్కకముందే వీటిని రాయవచ్చు. డిగ్రీ చదువుతూ ఏడాదికి రెండు పేపర్లు పూర్తిచేసుకున్న పిల్లవాడికి రెండు సంగతులు తెలిసిపోతాయి. ఈ చదువు తనకు అబ్బుతుందా లేదా అన్నది ఒకటి. ఆ మోజు మూడేళ్ళయినా నిలుస్తుందా లేదా అన్నది రెండోది. ఆ రెండూ తెలుసుకోవడానికి అయ్యే ఖర్చు కొన్ని వేలు. తెలుసుకోకుండా చేరితే అయ్యే ఖర్చు అరకోటి. అఫ్జల్‌గంజ్‌లో వంతెనకు అవతలి ఒడ్డున స్టేట్ సెంట్రల్ లైబ్రరీ ఉంది. కూర్చుని చదువుకోవడానికి అక్కడ ఎవరూ డబ్బు అడగరు.

ఈ డిగ్రీ తెరిచే తలుపులు కూడా తక్కువేం కాదు. ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ ఉద్యోగాలకు అడిగే అర్హతలో ఇంజనీరింగుతోపాటు ఫిజిక్సు, మాథ్స్ ఉన్న బి.ఎస్సీ. కూడా ఉంది. విమానాన్ని నడపలేకపోయినా విమానాలను నడిపించవచ్చన్నమాట. అది ప్రభుత్వ రంగ ఉద్యోగం. ఏ ఒక్క ప్రైవేటు సంస్థ మూతపడినా అది పోదు. వైమానిక దళం అఫ్‌కాట్ పరీక్షకు డిగ్రీ తప్పనిసరి. ఎగిరే విభాగానికి వయసు 20 నుంచి 24. కమర్షియల్ లైసెన్సు ఉన్నవారికి 26 దాకా సడలింపు ఉంది. ఎంపికైతే శిక్షణ ఇచ్చేది మన నగరం పక్కన దుండిగల్‌లో, అదీ ప్రభుత్వ ఖర్చుతో. అరకోటి పెట్టి ఎగరడం నేర్చుకోవాలనుకునే మన పిల్లలు జీతమిచ్చి ఎగరడం నేర్పే ఈ దారివైపు ఎందుకు చూడరో మాకు అర్థం కాదు. ఆడపిల్లలకు కూడా ఆ తలుపు తెరిచే ఉంది. 2016 జూన్‌లో తొలి మహిళా ఫైటర్ పైలట్లు దుండిగల్ నుంచే బయటికి వచ్చారు. ఇవేవీ కాకపోతే బి.ఎడ్. చేసి లెక్కల మాస్టారు కావచ్చు. చిరునవ్వు నవ్వుకోకండి. మంచి లెక్కల మాస్టారు కోసం వెతకని బడి ఈ నగరంలో లేదు.

ఇంజనీరింగులో మంచి ర్యాంకు వచ్చిన పిల్లవాడి సంగతి వేరు. నాలుగేళ్ళు పడుతుంది, కాని నిలబడే డిగ్రీ. మెకానికల్, ఎలక్ట్రానిక్స్ వంటివాటికి మన నగరంలోనే పని పెరుగుతోంది. ఆదిభట్లలో టాటా, బోయింగ్ కలిసి హెలికాప్టర్ల భాగాలు తయారుచేస్తున్నాయి. శంషాబాద్‌లో విమానాల మరమ్మతు కేంద్రాలున్నాయి. 2025 నవంబరులో ఫ్రాన్సు సంస్థ సఫ్రాన్ విమాన ఇంజన్ల మరమ్మతు కేంద్రం అక్కడే ప్రారంభమైంది. కొత్త విమానాలు కొనని కాలంలో పాతవాటినే బాగుచేసుకుని తిప్పుతారు కనుక మరమ్మతు పనికి కరువు కొంత తక్కువ. పాలిటెక్నిక్ డిప్లమా ఉన్నవారు కూడా ఈ వైపు చూడవచ్చు. కార్ఖానా చేతిపనిని చిన్నచూపు చూసే అలవాటు మనలో ఇంకా పోలేదు. టోపీ పెట్టుకున్న ఫోటో దాంట్లో ఉండదు గదా!

ఇక డిగ్రీ ముందా, లైసెన్సు ముందా? ఇక్కడ అవతలి పక్షం వాదన బలమైనదే. విమాన సంస్థల్లో ఎవరు ముందు చేరితే వారు ముందు కెప్టెన్ అవుతారు. సీనియారిటీయే అంతా. 65 ఏళ్ళకు ఎగరడం ఆపేయాలి. అంటే మొదట మూడేళ్ళు ఆలస్యమైతే, చివరలో అత్యధిక జీతం వచ్చే మూడేళ్ళు పోతాయి. ఈ లెక్క తప్పని మేము అనలేము. అయితే ఈ లెక్క ఎవరికి వర్తిస్తుంది? శిక్షణ ఖర్చు పోయినా ఇల్లు కదలని కుటుంబానికి. అలాంటి స్తోమత ఉన్నవారు ఇంటర్ కాగానే శిక్షణలో చేర్చవచ్చు. ఆ పక్కనే డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలోనో, ఇగ్నోలోనో బి.కాం., బి.ఎ. కట్టించాలి. సైన్సు డిగ్రీకి ప్రయోగశాలలుంటాయి, దూరవిద్యలో విమానం నేర్చుకుంటూ అది సాగదు. బి.కాం. సాగుతుంది. దాన్ని తక్కువగా చూడనక్కరలేదు. లెక్కలు రాయడం వచ్చినవాడు ఆకలితో పడుకోడని బేగంబజార్‌లో ఎవరినడిగినా చెబుతారు. దేశంలో తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో పుట్టింది మన నగరంలోనే. ఇంటి ముందరి సౌకర్యాన్ని మనమే వాడుకోకపోతే ఎలా?

ఇల్లో, ప్లాటో అమ్మితే తప్ప డబ్బు సమకూరని కుటుంబానికి మా సలహా వేరు. ముందు డిగ్రీ. ఆ మూడేళ్ళలో రాత పరీక్షలు. ఆ తర్వాత శిక్షణ. 21 ఏళ్ళకు మొదలుపెట్టి 23, 24కు లైసెన్సు తెచ్చుకున్నవాడికి ఇంకా 40 ఏళ్ళు ఉంటాయి. అందులో మూడేళ్ళు పోయినందుకు ఏడ్వనక్కరలేదు.

శిక్షణ అనుకున్నంత కాలంలో పూర్తికాకపోవడం కూడా లెక్కలో పెట్టుకోవాలి. కాగితం మీద 18 నెలలు, రెండేళ్ళు అంటారు. విమానాలు మరమ్మతుకు పోతాయి, బోధకులు మానేస్తారు, వానాకాలం వస్తుంది. మాకు తెలిసిన ఒక కుర్రవాడికి 200 గంటలు పూర్తికావడానికి మూడున్నరేళ్ళు పట్టింది. ఆ సంస్థ ఏదన్నది ఇక్కడ అనవసరం. డబ్బు ముందే మొత్తం కట్టించుకున్నారు, గంటలు మాత్రం చుక్కలు చుక్కలుగా ఇచ్చారు. ఆ మూడున్నరేళ్ళలో వాడు హాస్టలు గదిలో కూర్చుని ఒక డిగ్రీ సునాయాసంగా పూర్తిచేసి ఉండేవాడు. లైసెన్సు వచ్చాక కూడా ఎగరకుండా ఉంటే రేటింగులు పాతబడతాయి. వాటిని నిలబెట్టుకోవడానికి మళ్ళీ గంటలు కొనాలి. ఉద్యోగం కోసం ఎదురుచూసే కాలం కూడా ఉచితం కాదన్నమాట.

మన నగరంలో అందరికీ తెలిసిన ఉదాహరణ సయ్యదా సల్వా ఫాతిమాది. బేకరీలో పనిచేసే తండ్రి కూతురు. ఎంసెట్ కోచింగుకు వచ్చిన ఆ అమ్మాయి పైలట్ కావాలని ఉందని చెప్పినప్పుడు సియాసత్ సంపాదకులు జాహిద్ అలీ ఖాన్ చేయి పట్టుకున్నారు. 2007లో బేగంపేటలోని ఏవియేషన్ అకాడమీలో చేరింది. లైసెన్సు చేతికొచ్చింది 2013లో. అంతటితో అయిపోలేదు. పెద్ద విమానం శిక్షణకు మళ్ళీ డబ్బు కావలసి వచ్చింది. 2014లో తెలంగాణ ఏర్పడిన తర్వాత రాష్ట్ర ప్రభుత్వం 36 లక్షల రూపాయలు మంజూరు చేస్తే గాని ఆ మెట్టు ఎక్కడం సాధ్యం కాలేదు. హిజాబుతో విమానం నడిపిన ఆ అమ్మాయి ఫోటో మన ఇళ్ళలో ఎంతోమంది ఆడపిల్లలు దాచుకున్నారు, దాచుకోవలసిందే. కాని ఆ ఫోటో వెనక ఉన్న తేదీలను కూడా చూడమని తల్లిదండ్రులను కోరుతున్నాం. పత్రిక అండ, దాతల అండ, ప్రభుత్వం అండ ఉండి కూడా చేరిన నాటి నుంచి లైసెన్సు దాకా ఆరేళ్ళు. ఆ ఆరేళ్ళలో మామూలు విద్యార్థి డిగ్రీ, పీజీ రెండూ ముగిస్తాడు. ఇన్ని అండలు ప్రతి ఇంటికీ దొరకవు.

ఆడపిల్లల విషయంలో డిగ్రీ మరింత అవసరమని మా అభిప్రాయం. పెళ్ళి, కాన్పు, అత్తవారి ఊరు, ఇవన్నీ ఎగిరే ఉద్యోగంలో విరామాలు తెస్తాయి. విరామం తర్వాత మళ్ళీ విమానం ఎక్కేదాకా చేతిలో పని ఉండాలంటే చదువు ఉండాలి. "పైలట్ అవుతానంది కదా, డిగ్రీ ఎందుకు దండగ" అని కాలేజీ మాన్పించిన ఇళ్ళను చూశాం. పైలట్ శిక్షణకు డబ్బు కుదరలేదు, కాలేజీ వయసు దాటిపోయింది. ఆ పిల్ల ఇంట్లోనే మిగిలింది.

విదేశాల్లో డిగ్రీ అక్కరలేదనే మాట కూడా ఈ మధ్య వినిపిస్తోంది. అమెరికాలో డెల్టా సంస్థ 2022 జనవరిలో నాలుగేళ్ళ డిగ్రీ తప్పనిసరి అన్న షరతు తీసేసిన మాట నిజం. పైలట్లు దొరకని రోజుల్లో సంస్థలు షరతులు సడలిస్తాయి. దరఖాస్తులు గుట్టలుగా పడిన రోజున అవే సంస్థలు వడపోతకు ఏదో ఒకటి వెతుకుతాయి. ఆ రోజున డిగ్రీ ఉన్న దరఖాస్తు పైన ఉంటుంది. డిగ్రీ ఉంటే మరో లాభం. మైనారిటీ విద్యార్థులు విదేశాల్లో పీజీ చదవడానికి తెలంగాణ ప్రభుత్వం ఇచ్చే 20 లక్షల ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌కు డిగ్రీ మార్కులే ఆధారం. పైలట్ లైసెన్సు చూపించి దాన్ని తీసుకోలేరు.

ఈ ఏడాది ఇంటర్ రాసిన పిల్లలున్న ఇళ్ళవారు ఒక పని మాత్రం వెంటనే చేయవచ్చు. ఎక్కడా డబ్బు కట్టకముందే, ప్లాటు బేరం పెట్టకముందే, డి.జి.సి.ఎ. గుర్తించిన వైద్యుని వద్ద రెండో తరగతి వైద్య పరీక్ష చేయించండి. ఆ తర్వాత మొదటి తరగతి పరీక్ష. కళ్ళద్దాలుంటే భయపడకండి, అద్దాలతో చూపు సరిగ్గా వస్తే ఫరవాలేదు. కాని ఎరుపు, ఆకుపచ్చ రంగుల తేడా తెలియని కళ్ళు కొందరికి పుట్టుకతోనే ఉంటాయి, ఇంట్లో ఎవరికీ తెలియదు. అలాంటి పిల్లవాడి విషయం చేరిన రెండేళ్ళకు కాక చేరకముందే బయటపడటం మేలు. వైద్య పరీక్ష నెగ్గినా, నెగ్గకపోయినా దోస్త్ దరఖాస్తు మాత్రం గడువులోగా పెట్టండి. శిక్షణ సంస్థ గుర్తింపు పొందినదో కాదో డి.జి.సి.ఎ. జాబితాలో పేరు చూసి నిర్ధారించుకోండి. ఎన్ని విమానాలు ఎగిరే స్థితిలో ఉన్నాయో, కిందటి ఏడాది చేరినవారికి ఎన్ని గంటలు పూర్తయ్యాయో అక్కడి విద్యార్థులనే అడగండి, ఆఫీసులో కూర్చున్న వారిని కాదు. ఫీజు ఒకేసారి అడిగితే వాయిదాల్లో, ఎగిరిన గంటల లెక్కన కడతామని చెప్పండి. ఒప్పుకోకపోతే లేచి రండి.